ఆర్జన నుండి అర్చన వరకు – విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మ

(కీసరలో ఆలయ జీర్ణోద్ధరణ, పునఃప్రతిష్ఠా మహోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



మనం ఈనాడు కేసరిగిరి నీడలో సమావేశమైనాము. ఈ గిరికి ఆ పేరు ఎట్లా వచ్చిందో ఇక్కడి పసిపిల్లలకు సైతం తెలుసు. రావణవధానంతరం శ్రీరామచంద్రుడు దోషపరిహారార్థం శివలింగ ప్రతిష్ఠ చేయదలచి, కాశీనుండి లింగాన్ని తెమ్మని ఆంజనేయుని పంపాడు. ముహూర్తం సమీపించినా హనుమ రాలేదు. పరమేశ్వరుని అనుగ్రహంతో లభించిన లింగాన్ని స్వామి సకాలంలో ప్రతిష్ఠించాడు. ఆ తరువాత నూటొక్క లింగాలతో వచ్చిన హనుమ, తాను తెచ్చినవి నిరుపయోగమైనవే అని ఖిన్నుడై వాటిని కొండంతటా విసరివేశాడట. శ్రీరాముడు అతనిని ఓదార్చి, ఈ కొండ అతని తండ్రి కేసరి పేర ప్రసిద్ధి చెందుతుందని వరమిచ్చాడు. కేసరిగిరి క్రమంగా కీసర అయింది. గర్భాలయంలో శ్రీ రామలింగేశ్వరుడు ఉన్నాడు. ఆలయం వెలుపల, ఆరుబయట, హనుమ తెచ్చిన లింగాలూ ఉన్నాయి. శివరాత్రినాడు వచ్చే భక్తులు లోపలి లింగానికి మ్రొక్కి, వెలుపలి లింగాలకు కూడా నీళ్ళు పోసి, పసుపు కుంకుమలు అద్ది మరీ కొండ దిగుతారు.

ఈ క్షేత్ర సంప్రదాయం మనకు ఒక మాట చెబుతున్నది. భక్తితో తెచ్చినది ఏదీ వృథా పోదు. గుడి లోపలికి చేరినది ఎంత పూజ్యమో, గుడి వెలుపల నిలిచిపోయినది కూడా అంతే పూజ్యం. ఈ మాటను మనసులో ఉంచుకొని నేను ఈరోజు ఒక మహనీయురాలి జీవితాన్ని మీకు మనవి చేస్తాను. ఆమె స్వయంగా సంపాదించారు, స్వయంగా గృహాన్ని నడిపారు, సంపాదించినదంతా ఒక పుణ్యస్థలి జీర్ణోద్ధరణకు ధారపోశారు. చివరకు తాను కట్టించిన ఆ గుడిలోనే పాడే అర్హత ఆమెకు లేదన్నారు. ఆమె విద్యాసుందరి బెంగుళూరు నాగరత్నమ్మగారు.

దాతృత్వంలో స్త్రీలు

మన దేవాలయాల చరిత్రలో స్త్రీల పేర్లు కొత్తవి కావు. తిరుమలలో నిత్యం ఏకాంత సేవ అందుకొనే భోగ శ్రీనివాసమూర్తి వెండి విగ్రహాన్ని 966వ సంవత్సరంలో సమర్పించినది పల్లవ రాణి సామవై. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి కుమార్తె, కోట సీమను పాలించిన గణపాంబ దానధర్మాలను యనమదల శాసనం కీర్తించింది. పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దులలో తరిగొండ వెంగమాంబ తిరుమల కొండపై అన్నదానానికి పాటుపడ్డారు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు ఆకలిగొన్నవారికి వేళాపాళా చూడకుండా వండి వడ్డించి అన్నపూర్ణగా పేరుపొందారు.

వీరిలో కొందరు రాజ్యలక్ష్మి ఒడిలో పుట్టినవారు. కొందరు సంసార పక్షాన ఇంటి సిరిని దానంగా పంచినవారు. నాగరత్నమ్మగారి విషయం వేరు. ఆమెకు తండ్రి ఆస్తి లేదు, భర్త ఆస్తి లేదు. కచేరీ తరువాత కచేరీగా, పాట తరువాత పాటగా తన కంఠంతో కూడబెట్టినదే ఆమె సొత్తు. కష్టార్జితం దైవార్పితం కావడం ఎట్లా ఉంటుందో తెలుసుకోదలచిన దాతలకు ఆమె జీవితం ఒక పాఠం.

బాల్యము, విద్య

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3న మైసూరు సీమలోని నంజనగూడు ప్రాంతంలో జన్మించారు. నంజనగూడు శ్రీకంఠేశ్వరస్వామి వెలసిన శైవక్షేత్రం. తల్లి పుట్టలక్ష్మమ్మ దేవదాసీ కులానికి చెందినవారు. ఆదరించవలసిన పురుషుడు విడిచిపెట్టిపోగా, ఆ తల్లి బిడ్డను ఒంటిచేత పెంచారు. తనకు జరిగిన అవమానానికి జవాబు బిడ్డ విద్యయే అని నిశ్చయించుకొని, సంస్కృతం, సంగీతం, భాషలు శ్రద్ధగా నేర్పించారు. బాలిక కన్నడం, తెలుగు, తమిళం, సంస్కృతం నేర్చింది. ఆంగ్లంలోనూ పరిచయం సంపాదించింది. ఇంకా పద్నాలుగేళ్ళ ప్రాయంలోనే తల్లి గతించింది.

ఆ తరువాత బెంగుళూరులో ఆమెకు సంగీత శిక్షణ ఇచ్చినవారు మునుస్వామప్పగారు. ఆయన వాలాజాపేట శిష్యపరంపరకు చెందినవారు. త్యాగరాజస్వామివారి కృతులను ప్రత్యక్ష శిష్యులనుండి అందుకొని, వ్రాసి, కాపాడిన పరంపర అది. అందుచేత త్యాగరాజ కీర్తన ఆమెకు వేదికపై పాడే అంశంగా మాత్రమే గాక, గురువునుండి చేతికి వచ్చిన నిక్షేపంగా అందింది. మైసూరు ఆస్థాన విద్వాంసులైన బిడారం కృష్ణప్పగారిని కూడా ఆమె గురుస్థానంలో ఉంచి గౌరవించేవారు.

గృహ యజమానురాలు

ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆమె మద్రాసు చేరారు. ఆనాటి సంగీత వ్యాపారానికంతకూ కేంద్రమైన జార్జిటౌనులో నివాసం ఏర్పరచుకొని, సొంత ఇల్లు సమకూర్చుకొన్నారు. పెండ్లిండ్లు, జమీందారీ సంస్థానాలు, సంగీత సభలు, గ్రామఫోను రికార్డులు ఇవే ఆ కాలంలో గాయనికి ఆదాయ మార్గాలు. ఆమె ఆ మార్గాలన్నిటిలోనూ పేరు గడించారు. మద్రాసులో ఆదాయపు పన్ను చెల్లించిన తొలి కళాకారిణి ఆమెయే అని చెప్పుకొంటారు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. ఆ రోజులలో సాధారణ గృహిణికి ఆస్తిపై సంపూర్ణ హక్కు లేదు. స్త్రీధనం మినహా ఆమె చేతిలోని ఆస్తి చాలావరకు జీవితకాలపు అనుభవానికే పరిమితం. దేవదాసీ కుటుంబాలలో మాత్రం ఇంటికి యజమాని స్త్రీయే. ఆర్జించేది ఆమె, లెక్కలు చూసేది ఆమె, వంశాన్ని నిలబెట్టేది ఆమె, దత్తత తీసుకొనేదీ ఆమె. వాద్యకారులను, వారి కుటుంబాలను, తనపై ఆధారపడిన బంధుజనాన్ని పోషించే భారం కూడా ఆమెదే. ఈ మాతృస్వామ్య సంప్రదాయంలో పెరిగిన నాగరత్నమ్మగారికి ధనం విలువ తెలుసు. కచేరీకి ఎంత అడగాలో తెలుసు, వచ్చిన దానిలో ఎంత దాచాలో తెలుసు, ఎక్కడ వెచ్చించాలో తెలుసు. ధనాన్ని చూసి భయపడినవారు దానం చేయలేరు, దానికి దాసులైనవారూ చేయలేరు. ఆమె ధనానికి యజమానురాలు కావడంవల్లనే దాత కాగలిగారు.

మొదటి ఉద్ధరణ – ఒక గ్రంథం

నాగరత్నమ్మగారి జీవితంలో మూడు ఉద్ధరణలు ఉన్నాయి. వాటిలో మొదటిది గ్రంథోద్ధరణ.

తంజావూరు నాయక, మరాఠా ప్రభువుల కాలంలో తెలుగు సాహిత్యం కావేరీ తీరాన వర్ధిల్లిందని మనకు తెలుసు. ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే విదుషి ఉండేవారు. ఆమె రచించిన ‘రాధికా సాంత్వనము’ అనే శృంగార ప్రబంధం పందొమ్మిదవ శతాబ్దిలో ముద్రణ పొందినా, అందులో కొన్ని పద్యాలు, కవయిత్రి తన వంశాన్ని చెప్పుకొన్న భాగాలు లోపించాయి. నాగరత్నమ్మగారు తాళపత్ర ప్రతిని సంపాదించి, సరిచూసి, సంపూర్ణ పాఠాన్ని పరిష్కరించి 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటింపజేశారు. ఒక స్త్రీ రచించిన కావ్యాన్ని, నూటయాభై ఏండ్లకు పైబడిన తరువాత, మరియొక స్త్రీ వెలికితీసి లోకానికి అందించడం తెలుగు ముద్రణ చరిత్రలో విశేషమైన ఘట్టం.

కందుకూరి వీరేశలింగం పంతులుగారి వంటి పెద్దలు ఆ కావ్యంలోని శృంగారాన్ని ఖండించారు. పురుషులు వ్రాసినప్పుడు లేని అభ్యంతరం స్త్రీ వ్రాసినప్పుడే ఎందుకు వచ్చినదని నాగరత్నమ్మగారు తన పీఠికలో నిలదీశారు. 1911లో ప్రభుత్వం ఆ గ్రంథాన్ని నిషేధించింది. ప్రతులను పోలీసులు స్వాధీనం చేసుకొన్నారు. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో, 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. మూడున్నర దశాబ్దాలకు పైగా ఆమె ఎదురుచూశారు.

దేవాలయ సంచికలో ఈ ప్రస్తావన ఎందుకని ఎవరైనా అడుగవచ్చు. శిథిలమైన దానిని ఉన్నది ఉన్నట్లు, లోపం లేకుండా తిరిగి నిలబెట్టాలనే బుద్ధి ఆమెలో మొదట కనిపించినది ఇక్కడే. విరిగిన విగ్రహభాగాన్ని విసర్జించకుండా, దాని అసలు రూపం ఎట్లా ఉండేదో శాస్త్రం చూసి సరిచేసే స్థపతి దృష్టికీ, తాళపత్రాన్ని సరిచూసే పరిష్కర్త దృష్టికీ భేదం లేదు.

రెండవ ఉద్ధరణ – ఒక సమాధి

త్యాగరాజస్వామివారు 1847 జనవరి 6న, పుష్య బహుళ పంచమినాడు, తిరువయ్యారులో సిద్ధి పొందారు. అంతకు ముందే సన్యాసం స్వీకరించిన స్వామికి కావేరీ తీరాన సమాధి కట్టి బృందావనం నిలిపారు. ప్రత్యక్ష శిష్యులు ఒక్కరొక్కరే కాలగతి చెందగా ఆ స్థలం మరుగునపడింది. 1903లో ఉమయాళ్పురం కృష్ణ భాగవతార్, సుందర భాగవతార్ సోదరులు దానిని బాగుచేయించారు. ఆ తరువాతి సంవత్సరాలలో ఆరాధనలు ఘనంగా జరగడం మొదలైంది. అయితే ఆరాధనకు వచ్చిన విద్వాంసులలో అభిప్రాయభేదాలు పొడసూపి, రెండు పక్షాలుగా చీలిపోయారు. తమిళంలో ఒకదానిని పెరియ కచ్చి అనీ, ఇంకొకదానిని చిన్న కచ్చి అనీ వ్యవహరించేవారు. ఉత్సవాన్ని ఎవరు నడపాలన్న దానిపై పట్టుదలలు పెరిగాయి గాని, ఉత్సవం ముగిసిన మరునాడు సమాధికి దీపం పెట్టేవారెవరన్న ప్రశ్న ఎవరికీ పట్టలేదు.

1921లో బిడారం కృష్ణప్పగారు ఆ స్థలాన్ని దర్శించి, అది ఎంత శిథిలావస్థలో ఉన్నదో నాగరత్నమ్మగారికి ఉత్తరం వ్రాశారు. స్వామి ఆమెకు కలలో కనిపించి ఆదేశించారని కూడా భక్తులు చెప్పుకొంటారు. కల అయినా, ఉత్తరం అయినా, అందిన వెంటనే ఆమె కదిలారు. స్థలాన్ని సమకూర్చుకొనడం, అనుమతులు సంపాదించడం, పనివాళ్ళను కుదుర్చుకొనడం అన్నీ తానే చూసుకొన్నారు. 1921 అక్టోబరు 27న శంకుస్థాపన జరిగింది. 1925 జనవరి 7న కుంభాభిషేకం జరిగింది. సమాధిపై గుడి వెలసింది, అందులో స్వామివారి విగ్రహం వెలసింది. ఆ తేదీలను, ఆమె పేరును అక్కడి శిలాఫలకం నేటికీ చెబుతున్నది.

శంకుస్థాపన నుండి కుంభాభిషేకం దాకా మూడేండ్లకు పైగా పట్టింది. ఆలయ నిర్మాణపు భారం ఎటువంటిదో ఈ సభలోని కార్యకర్తలకు నేను చెప్పనవసరం లేదు. రాయి రావలసిన రోజున రాదు, కూలి ఇవ్వవలసిన రోజున చేతిలో రొక్కం ఉండదు, అనుకొన్న అంచనా ఎన్నడూ అనుకొన్నట్లు ముగియదు. ఒక సంఘం వెనుక ఉన్న మనకే ఇంత భారమైతే, దూరాన మద్రాసులో కచేరీలు చేసుకొంటూ, ఆ సంపాదనతోనే తిరువయ్యారులో కట్టడం నడిపిన ఒంటరి స్త్రీకి అది ఎంత భారమై ఉంటుందో ఊహించండి. బంగారం తరిగిపోయింది, మద్రాసులోని ఆస్తి తరిగిపోయింది. ఆమె మాత్రం చేయి వెనుకకు తీయలేదు.

గుడి కట్టడంతోనే తన బాధ్యత తీరిందని కూడా ఆమె అనుకొనలేదు. నిత్యపూజకు ఏర్పాటు చేశారు. ఏటేటా ఆరాధన ఖర్చులు భరించారు. స్వామివారిపై సంస్కృతంలో అష్టోత్తర శతనామావళిని స్వయంగా రచించారు. కట్టడం దాత చేతి పని, నిర్వహణ దాత బుద్ధి పని. ఈ రెండవది లేకపోతే మొదటిది పన్నెండేండ్లు తిరగకముందే మళ్ళీ జీర్ణమవుతుంది.

మూడవ ఉద్ధరణ – ఒక హక్కు

ఇక అన్నిటికంటె కష్టమైన ఘట్టానికి వస్తున్నాను. గుడి లేచింది, దీపం వెలిగింది. ఆరాధన దినాలలో విద్వాంసులు వచ్చి స్వామి సన్నిధిలో గానం చేశారు. స్త్రీలు మాత్రం అక్కడ పాడరాదన్నారు, హరికథ చెప్పరాదన్నారు. ఆరాధనను నడిపే ఉభయ పక్షాలూ తమలో తాము ఎన్ని విషయాలలో విభేదించినా ఈ ఒక్క విషయంలో ఏకీభవించాయి. ఆ గుడిని కట్టించినది ఒక స్త్రీ అన్న సంగతి తెలిసినవారే ఆ మాట అన్నారు.

ఇటువంటి వేళ సాధారణంగా మనుష్యులు రెండు విధాలుగా ప్రవర్తిస్తారు. కొందరు అవమానంతో అలిగి, ఇచ్చినదానిని కూడా మరచి వెళ్ళిపోతారు. మరికొందరు నా డబ్బుతో కట్టిన గుడి కనుక నా మాటే చెల్లాలని తలుపులు వేయిస్తారు. ఆమె అలిగి వెళ్ళలేదు, తలుపులూ వేయించలేదు. 1927 నుండి తనవంటి గాయనీమణులను వెంటబెట్టుకొని వచ్చి, గుడి వెనుక భాగాన కూర్చుండబెట్టి స్వామికి గానార్చన చేయించారు. అది క్రమంగా స్త్రీల పక్షమని, తమిళంలో పెణ్గళ్ కచ్చి అని పేరుపొందింది. ముందు పురుషుల గోష్ఠి, వెనుక స్త్రీల గోష్ఠి, నడుమ స్వామి. ఎదుటివారికి వినిపించినంతగానే వెనుకవారి పాట కూడా స్వామికి వినిపించి ఉంటుందనడంలో సందేహం లేదు. మన కొండపై గుడి వెలుపల నిలిచిన హనుమ లింగాలను తలచుకొంటే ఈ ఘట్టం మనకు సులభంగా అర్థమవుతుంది.

ఒక విషయం మరువరాదు. వెనుక కూర్చోవడాన్ని ఆమె శాశ్వతమైన ఏర్పాటుగా అంగీకరించలేదు. స్త్రీలకు సన్నిధిలో పాడే హక్కు కావాలని విన్నపాలు చేస్తూనే ఉన్నారు. ఆరాధనకు ఏటేటా మరికొందరు స్త్రీలు వస్తూనే ఉన్నారు. పదమూడేండ్లకు పైగా ఈ ఓర్పు సాగింది. చివరకు 1940–41 ప్రాంతంలో పెద్దల పూనికతో పక్షాలన్నీ ఒక్కటైనాయి. స్త్రీలు, పురుషులు కలిసి ఒకే ఆరాధనలో పాలుపంచుకొనే వీలు కలిగింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని పంచరత్న కృతులను వందలమంది ఏకకంఠంతో పాడే గోష్ఠి నేడు ప్రపంచ ప్రసిద్ధం. ఆ గోష్ఠిలో ముందు వరుసలో కూర్చుండి పాడే స్త్రీలను దూరదర్శన్‌లో చూసినప్పుడు మనకు అది సహజంగా అనిపిస్తుంది. ఆ సహజత్వాన్ని సంపాదించిపెట్టినది ఈ అమ్మ.

కుల స్త్రీల గౌరవం

ఆమె కాలంలోనే దేవదాసీ వ్యవస్థను రద్దుచేయాలనే ఉద్యమం బలపడింది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు ఆ సంస్కరణకు నాయకత్వం వహించారు. ఆ ఉద్యమానికి న్యాయమైన కారణాలు ఉన్నాయి. పసిపిల్లలు దోపిడికి గురికారాదని కోరడం ధర్మమే. నాగరత్నమ్మగారు మద్రాసు రాష్ట్ర దేవదాసీల సంఘానికి అధ్యక్షత వహించి వేరొక కోణాన్ని ప్రభుత్వం ముందు ఉంచారు. తమ కులంలో శతాబ్దాలుగా నిలిచిన సంగీత, నాట్య విద్యలు, స్త్రీకి ఉన్న ఆస్తి హక్కు, దేవాలయ సేవ ఇవన్నీ దురాచారంతోపాటు కొట్టుకొనిపోరాదని ఆమె వాదం. 1947లో శాసనం వచ్చింది. చరిత్ర ఇద్దరి మాటలలోని సత్యాన్నీ తన తరాజులో తూచుకొంటున్నది. మనకు గ్రహించవలసినది ఒక్కటే. తన వారిని లోకం చిన్నచూపు చూస్తున్నప్పుడు ఆమె తన ఉన్నతిని అడ్డుపెట్టుకొని తప్పించుకొనలేదు. కుటుంబ పెద్దగా వారి ముందు నిలబడ్డారు. మద్యపానం వల్ల కలిగే అనర్థాలపై తెలుగులో ఒక పుస్తకం కూడా వ్రాశారంటే సంఘక్షేమం పట్ల ఆమెకున్న ఆర్తి తెలుస్తుంది.

చరమ ఘట్టం

జీవిత చరమభాగాన్ని ఆమె తిరువయ్యారులోనే గడిపారు. పట్టణపు వైభవం వదలి, కావేరీ ఒడ్డున, తాను కట్టించిన గుడి సమీపాన నిరాడంబరంగా జీవించారు. మిగిలిన ఆస్తిని సమాధి సేవకే అంకితం చేస్తూ వీలునామా వ్రాశారు. 1952 మే 19న స్వామి సన్నిధికి చేరుకొన్నారు. అప్పటికి ఆమె వయస్సు డెబ్బయిమూడేండ్లు. త్యాగరాజస్వామి సమాధికి చేరువలోనే ఆమె సమాధిని కూడా ఏర్పాటుచేశారు. అక్కడ ఆమె విగ్రహం స్వామికి అభిముఖంగా, చేతులు జోడించి కూర్చుండి ఉంటుంది.

తిరువయ్యారు యాత్ర చేసేవారు ముందు స్వామిని దర్శించి, ఆ తరువాత ఆ విగ్రహం దగ్గర కూడా ఒక క్షణం నిలవాలని నా మనవి. పాడరాదన్న చోటనే ఆమె శాశ్వతంగా కూర్చున్నారు. ఎవరినీ ఓడించిన గర్వం ఆ ముఖంలో కనిపించదు. నమస్కారమే కనిపిస్తుంది.

దాతలకు ఒక మనవి

ఈ జీవితం మన పునఃప్రతిష్ఠ సందర్భంలో ఏమి చెబుతున్నదో సంక్షేపంగా విన్నవించి ముగిస్తాను.

జీర్ణోద్ధరణలో ఆగమం చెప్పిన క్రమం మనం ఈ నెలలలో కళ్ళారా చూశాము. మూలమూర్తిలోని కళను ఆకర్షించి బాలాలయంలో ఉంచారు. గోడలు, గోపురం, ప్రాకారం బాగుచేశారు. అష్టబంధనం చేసి, మళ్ళీ కళను మూర్తిలో నిలిపి, కుంభాభిషేకం జరిపారు. గోపురంపై పోసిన ఆ పుణ్యజలం కింద నిలబడిన వారందరిపైనా పడింది. ఇది దాత, ఇది కూలి, ఇది ధనికుడు, ఇది పేద అని ఆ నీరు అడుగలేదు. నాగరత్నమ్మగారు తన జీవితమంతా కోరినది ఇదే.

ఉప్పల్, నాచారం ప్రాంతాలలోని పారిశ్రామిక వాడలలో పనిచేసే స్త్రీలు, టిఫిను సెంటర్లు నడిపేవారు, కుట్టుమిషన్ల మీద సంసారాలు లాగేవారు, పాలు, కూరగాయలు అమ్మేవారు, స్వయంసహాయక సంఘాలలో నెలనెలా పొదుపు చేసేవారు మనలో ఎందరో ఉన్నారు. వారి చేతినుండి వచ్చే నూటపదహార్లు, పెద్ద పరిశ్రమాధిపతి చెక్కుకంటె తక్కువ కాదు. ఎందుకంటే ఆ నూటపదహార్లకు వారు ఒక రోజు పనిని ఇచ్చుకొన్నారు. ఆస్తి విషయంలో కూడా కాలం మారింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంతో స్త్రీకి తన ఆస్తిపై సంపూర్ణ హక్కు లభించింది. మన రాష్ట్రంలో 1986 నాటి సవరణతో, దేశమంతటా 2005 నాటి సవరణతో ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కూడా వాటా ఏర్పడింది. కనుక స్త్రీ చేసే దానం ఈనాడు భర్త అనుమతితోనో, కుమారుని దయతోనో చేసే దానం కానవసరం లేదు. అది ఆమె సొంత దానం. రసీదుపై, శిలాఫలకంపై ఆమె పేరు ఆమె పేరుగానే ఉండాలి. తిరువయ్యారు శిలాఫలకం అట్లాగే ఉన్నది.

రెండవది, ఇచ్చినవారికి లెక్క తెలియాలి. దేవుని సొమ్ము విషయంలో అడగడం అపచారం కాదు, చెప్పకపోవడమే అపచారం. కట్టడానికి ఎంత, నిత్యదీపానికి ఎంత, అర్చకుని జీవనానికి ఎంత అని ముందే విభజించి నిధి ఏర్పాటు చేసుకొన్న గుడి నిలుస్తుంది. ఉత్సవానికి వందమంది వస్తారు. మర్నాడు ఉదయం దీపం పెట్టడానికి ఒక్కరు కావాలి. ఆ ఒక్కరు ఎవరో కుంభాభిషేకం ముగియకముందే నిర్ణయించుకొనడం పెద్దల ధర్మం.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. మన గుడిలో ఎవరైనా వెనుక నిలబడి ఉన్నారేమో ఒకసారి చూసుకొందాం. వారు స్త్రీలు కావచ్చు, కొత్తగా వచ్చి స్థిరపడిన కుటుంబాలు కావచ్చు, కట్టడానికి ఇటుక మోసిన కూలీలు కావచ్చు, నలుగురిలోకి రావడానికి జంకే వితంతువులు కావచ్చు. వారి పాట కూడా స్వామికి వినిపిస్తుంది, ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయితే వారిని వెనుకనే ఉంచిన దోషం మాత్రం మనకు అంటుతుంది. పదమూడేండ్లు ఓర్చుకొనే నాగరత్నమ్మలు అందరిలోనూ ఉండరు. ఓర్చుకోవలసిన అవసరం ఎవరికీ కలగకుండా చూడడం మన పని.

ఈ పునఃప్రతిష్ఠకు తమ కష్టార్జితం సమర్పించిన తల్లులందరిలోనూ నాకు ఆ విద్యాసుందరియే దర్శనమిస్తున్నారు. ఆర్జించిన చేతులు అంజలి ఘటించినప్పుడు ఆ అంజలికి నిండుదనం వస్తుంది. శ్రీ రామలింగేశ్వరస్వామి కృప ఈ గ్రామంపై, ఈ దాతలపై, వారి సంతతిపై చిరకాలం ప్రసరించుగాక. 

స్వస్తి.